మార్గరెట్ మెక్‌మిలన్

ఇంగ్లండు దేశమున బ్రాడ్‌ఫర్డు అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అది ఉన్నివస్త్రముల పరిశ్రమకు ప్రసిద్ధి కెక్కెను. ఆ కాలమున అచ్చటి కార్మికుల పిల్లలు పెక్కుమంది సగము దినము మిల్లులలో పనిచేసి, తక్కిన సగము దినము బడికి వచ్చెడివారు. అలసటచే వారు పాఠము వినుచునే తూగుచుండెడివారు. ఆకలి, మురికి, రోగము వారిని విడువకుండెను. అట్టి బిడ్డల మేలునకై తన జీవితమును ధారపోసిన మహనీయురాలు మార్గరెట్ మెక్‌మిలన్.

ఆమె 1860లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తలిదండ్రులు స్కాట్లండు దేశీయులు. ఆమెకు ఐదేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము ఆ యింట ప్రవేశించి తండ్రిని, పసిచెల్లెలిని బలిగొనెను. మార్గరెట్ బ్రతికెను గాని, అనేక సంవత్సరములు చెవుడుతో బాధపడెను. తల్లి మిగిలిన ఇరువురు కుమార్తెలతో స్కాట్లండునకు మరలిపోయెను. రోగము బాల్యమును ఎట్లు దోచుకొనునో మార్గరెట్ స్వానుభవముననే ఎఱిగెను.

1893లో ఆమె బ్రాడ్‌ఫర్డు చేరెను. మఱుసటి యేడు అచ్చటి పాఠశాలా సంఘమునకు సభ్యురాలుగా ఎన్నికయ్యెను. డాక్టరు జేమ్స్ కెర్‌తో కూడి ఆమె బడిపిల్లలకు వైద్యపరీక్షలు జరిపించెను. బ్రిటనులో ఇట్టి పరీక్షలు జరుగుట అదియే తొలిదినములు. 1897లో ఒక పాఠశాలలో స్నానశాలయు వెలసెను. చదువు చెప్పుటయే బడిపని గాని స్నానము చేయించుట కాదని ఆక్షేపించువారికి, రోగిష్ఠి శరీరముతో నున్న బిడ్డకు చదువు అబ్బదని ఆమె నచ్చజెప్పెను.

1902లో ఆమె లండను చేరి, అక్క రాచెల్‌తో కలిసి ఇందుకై పాటుపడెను. 1907లో వచ్చిన చట్టము బడిపిల్లలకు వైద్యపరీక్ష జరుపుట విద్యాధికారుల విధిగా నిర్ణయించెను. కాని రోగము కనిపెట్టినంతమాత్రమున నయమగునా? వైద్యుని రుసుము చెల్లింపలేని పేదలు ఏమి చేయగలరు? అందుచే ఆ సోదరీమణులు 1910లో డెట్‌ఫర్డు అను పేదల పేటలో బడిపిల్లలకై వైద్యశాల నెలకొల్పి, పండ్లకు, కండ్లకు, చెవులకు, చర్మవ్యాధులకు చికిత్స చేయించిరి.

అయినను, నయమైన పిల్లలే ఇఱుకిండ్లకు మరలిపోయి తిరిగి రోగములతో వచ్చుచుండిరి. దీనిని గమనించి వారు 1911లో బాలికలు ఆరుబయట నిద్రించుటకు శిబిరమును, 1914లో ఆరుబయలు శిశుపాఠశాలను స్థాపించిరి. అచ్చట పసిబిడ్డలకు గాలి, వెలుతురు, పరిశుభ్రత, మంచి ఆహారము లభించెను.

1917లో రాచెల్ మరణించెను. మార్గరెట్ ఎంతయో దుఃఖించెను గాని పని విడువలేదు. 1930లో శిశుపాఠశాలల ఉపాధ్యాయినుల శిక్షణకై అక్క పేర కళాశాల నెలకొల్పి, 1931లో ఆమెయు కన్నుమూసెను.

కష్టమును కనుగొనుట సేవకు మొదటి మెట్టు మాత్రమే. అది తీరువఱకు నిలిచి పాటుపడుటయే నిజమైన సేవ యని ఆమె జీవితము మనకు బోధించుచున్నది.