మేజోళ్ల మగ్గం కట్టిన పాదిరి విలియం లీ

బట్టల సప్లై వ్యాపారంలోకి దిగిన మన పిల్లలకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: నేత బట్ట పెట్టుకోవాలా, హోజరీ పెట్టుకోవాలా? ఆ హోజరీకి మొదటి మిషను కట్టిన మనిషి గురించి మన ఇళ్లలో పెద్దగా చెప్పుకోం. ఆయన విలియం లీ. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గరున్న కాల్వర్టన్ పల్లెవాడు, కేంబ్రిడ్జిలో చదివి పాదిరి అయ్యాడు.

వెనకటి రోజుల్లో అక్కడ మేజోళ్లు కూడా నేసిన బట్టతోనే కుట్టేవారు, బట్టను ఓరగా కత్తిరించి. పడుగూ పేకా బిగిసి ఉంటాయి గనక నేత బట్ట నిలువునా అడ్డంగా సాగదు, మూలకు లాగితేనే కాస్త సాగుతుంది. పంచె చెంగు పట్టి లాగి చూడండి, తెలుస్తుంది. ఓరగా కోసినా మోకాలి దగ్గర ముడతలే. చేత్తో అల్లిన మేజోడు అలా కాదు, ఉచ్చులో ఉచ్చుగా పోతుంది గనక కాలికి అతుక్కుంటుంది. లీ నాటికి ఎన్నో పేద ఇళ్లు ఆ అల్లిక మీదే బతికేవి.

1589లో లీ దానికో మగ్గం కట్టాడు. మనసుపడ్డ అమ్మాయి ఎప్పుడు చూసినా అల్లికలోనే మునిగి ఉండేదని ఉక్రోషంతో కట్టాడని ఒక కథ. అల్లి అల్లి అలిసిపోయే భార్యను చూడలేక అని ఇంకో కథ. కథల సంగతి అలా ఉంచి పనితనం చూద్దాం. ఒక్కో ఉచ్చుకు ఒక్కో కొక్కెం సూది పెట్టి, వరుసకు వరుస ఒకేసారి వేయించాడు.

హక్కు పత్రం కోసం వెళితే ఎలిజబెత్ రాణి ఇవ్వలేదు. ముతక ఉన్ని మేజోడు ఆమెకు నచ్చలేదనీ, చేతి అల్లికవాళ్ల కూడు పోతుందని జంకిందనీ అంటారు. లీ సూదులు దగ్గర చేసి 1598 నాటికి పట్టు మేజోళ్లు తీశాడు. అయినా హక్కు రాలేదు. ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ అండ చూసుకుని, సోదరుడు జేమ్స్‌తో, మగ్గాలతో రువాన్ పట్టణం చేరాడు. 1610లో ఆ రాజు హత్యకు గురయ్యాడు, అండ పోయింది. 1614 ప్రాంతంలో లీ ఫ్రాన్సులోనే కన్నుమూశాడు, తన మగ్గం గెలవడం చూడకుండానే.

జేమ్స్ మగ్గాలను ఇంగ్లండుకు తిరిగి తెచ్చాడు. పని పాకింది. 1657కల్లా లండనులో ఆ పనివాళ్లకు ఓ సంఘమే ఏర్పడింది. కానీ మగ్గం చాలామందికి సొంతం కాలేదు. మగ్గం షావుకారిది, అద్దె పనివాడిది. ఈ లెక్క మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కూలి పడిపోయింది. పైగా వెడల్పు మగ్గం మీద అల్లిన బట్టను కత్తిరించి కుట్టిన నాసి మేజోళ్లు బజారు చెడగొట్టాయి. కోసిన అంచున ఒక్క ఉచ్చు జారితే నిచ్చెనలా ఊడిపోయేది. 1811లో నాటింగ్‌హామ్ వైపు పనివాళ్లు మగ్గాలు పగలగొట్టారు. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ నేరానికి ఉరిశిక్ష పెట్టింది.

ఇక మన బేరం. పడుగు పని, గంజి పని లేకుండా కోను నుంచి నేరుగా మిషనెక్కుతుంది గనక హోజరీ త్వరగా దిగుతుంది. బనియన్లూ టీషర్టులూ పసిపిల్లల బట్టలూ దానివే, వాటి జోలికి నేత పోకపోవడమే మేలని మా అభిప్రాయం. కుచ్చిళ్లు నిలవాల్సిన చీర, మడత నిలవాల్సిన చొక్కా, పంచె, దుప్పటి నేతవి. నేత మీటర్లలో, హోజరీ కిలోల్లో నడుస్తుంది. అందుకని ధర పోల్చే ముందు కిలోకి ఎన్ని మీటర్లొస్తాయో కొలవండి. ఒక ముక్క ఉతికి, ఎంత కుదించుకుందో చూశాకే ఆర్డరుకు మాటివ్వండి.