తిరగేసి పట్టుకున్న గిటార్



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అందరూ వెళ్లేదాకా ఆగి నన్ను ఒక మాట అడిగారు. వాళ్ల బాబు ఏడో తరగతి. పుట్టినరోజుకి ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చారు. బాబుది పుర్రచేతి వాటం. పెట్టెలోంచి తీయగానే గిటార్‌ను తిరగేసి పట్టుకున్నాడట. సరిగ్గా పట్టుకోమని వాళ్ల నాన్న, తనకు ఇలాగే వస్తుందని బాబు. వారం రోజులుగా ఆ గిటార్ బీరువా పక్కనే నిలబడి ఉందట. ఏం చేయమంటారు మేడమ్ అని అడిగారు.

నేను ఇంగ్లిష్ టీచర్ని, సంగీతం టీచర్ని కాను. ఆ పూట నాకు జవాబు తోచలేదు. ఇంటికెళ్లాక, కాలేజీ రోజుల నుంచి నేను వింటున్న ఒక కళాకారుడి జీవితం గుర్తొచ్చింది. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను. ఈ సంగతి చెప్పడానికి ఆ అమ్మగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

చీపురే గిటార్

జిమీ హెండ్రిక్స్ 1942 నవంబర్ 27న అమెరికాలోని సియాటెల్ నగరంలో పుట్టాడు. అప్పుడు తండ్రి ఆల్ సైన్యంలో ఉన్నాడు. బిడ్డ పుట్టాడని తెలిసినా ఇంటికి రావడానికి సెలవు దొరకలేదు. తల్లి లూసిల్‌కు అప్పటికి 17 ఏళ్లు. పిల్లాడికి జానీ అలెన్ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన తండ్రి 1946లో ఆ పేరును జేమ్స్ మార్షల్‌గా మార్చాడు.

ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. అమ్మానాన్నల మధ్య గొడవలు. 1951లో విడాకులు తీసుకున్నారు. 1958లో, జిమీకి 15 ఏళ్లప్పుడు తల్లి చనిపోయింది. తండ్రి తోటపని చేసి పిల్లల్ని సాకాడు.

ప్రైమరీ స్కూల్లో ఉండగా జిమీ ఒక చీపురు పట్టుకుని దాన్నే గిటార్‌లా వాయిస్తూ తిరిగేవాడు. ఏడాది పొడవునా అదే ఆట. మన ఇళ్లలో అయితే చీపురుతో ఆటలేమిటని పెద్దవాళ్లు ఒకటి అంటించేవాళ్లే! ఆ స్కూల్లో పనిచేసే ఒక సోషల్ వర్కర్ మాత్రం దాన్ని అల్లరి అనుకోలేదు. పేద పిల్లల కోసం ఉండే నిధి నుంచి ఆ అబ్బాయికి ఒక గిటార్ కొనివ్వమని కోరుతూ ఉత్తరం రాశారు. గిటార్ రాలేదు. అయినా ఒక పిల్లాడి చేతుల్ని అంత శ్రద్ధగా గమనించిన పెద్దమనిషి ఒకరున్నారన్న మాట నాకు టీచర్‌గా బాగా గుర్తుండిపోయింది.

1957లో తండ్రితో కలిసి ఒక ముసలావిడ ఇల్లు శుభ్రం చేస్తుంటే చెత్తలో ఒక యుకులేలీ దొరికింది. దానికి మిగిలింది ఒకే ఒక్క తీగ. ఆవిడ దాన్ని జిమీనే ఉంచుకోమంది. ఆ ఒక్క తీగ మీద రేడియోలో వచ్చే ఎల్విస్ ప్రెస్లీ పాటల స్వరాలు వెతుక్కుంటూ చెవితోనే నేర్చుకున్నాడు. మరుసటి ఏడాది ఐదు డాలర్లకు ఒక పాత అకూస్టిక్ గిటార్ దొరికింది. అప్పటి నుంచి రోజుకు గంటల తరబడి సాధన.

ఏ చేత్తో?

జిమీది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో పనులు చేయడం చెడ్డదని, అది దెయ్యం లక్షణమని తండ్రి నమ్మకం. రాయడం కుడిచేత్తోనే నేర్పించారు. గిటార్ కూడా కుడిచేత్తోనే మీటమనేవాడు. తమ్ముడు లియాన్ తర్వాత రోజుల్లో చెప్పిన ప్రకారం, నాన్న గదిలోకి రాగానే జిమీ గిటార్‌ను గబుక్కున కుడిచేతి వైపుకి తిప్పేవాడు. ఆయన బయటికి వెళ్లగానే మళ్లీ తనకు వచ్చిన వైపుకి తిప్పుకునేవాడు. అలా రెండు వైపులా వాయించడం వచ్చేసింది.

ఈ మాట చదివి ఆ తండ్రిని తప్పుపట్టడం తేలిక. మనమేం తక్కువ? ప్రసాదం ఎడమచేత్తో తీసుకుంటే ఊరుకోం. డబ్బులు ఎడమచేత్తో ఇస్తే కళ్లెర్రజేస్తాం. పూజకీ భోజనానికీ ఉన్న ఆ మర్యాదను పెన్సిల్‌కీ బ్యాట్‌కీ కూడా అంటగడతాం.

ఒక సాక్సోఫోన్, ఒక గిటార్

జిమీ కుర్రాళ్లతో కలిసి వెల్వెటోన్స్ అనే బ్యాండ్‌లో చేరాడు. మిగతావాళ్ల వాయిద్యాల హోరులో అతని అకూస్టిక్ గిటార్ ఎవరికీ వినిపించేది కాదు. ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. 1959లో తండ్రి సియాటెల్‌లోని ఒక సంగీత దుకాణంలో వాయిదాల మీద తెల్లటి సుప్రో ఓజార్క్ గిటార్ కొనిచ్చాడు. తనక్కూడా సరదా పుట్టి ఒక సాక్సోఫోన్ తెచ్చుకున్నాడు. కొన్నాళ్లు తండ్రీకొడుకులు కలిసి వాయించుకున్నారు. ఇంతలో వాయిదాలు కట్టడం కష్టమైంది. రెండిట్లో ఒకటి వదులుకోవాలి. ఆల్ తన సాక్సోఫోన్ తిరిగి ఇచ్చేశాడు. దానితో తను చేయగలిగేదానికంటే గిటార్‌తో కొడుకు ఎక్కువ చేస్తాడని ఆయనకు అనిపించింది.

ఎడమచేయి చెడ్డదని నమ్మిన మనిషే ఈ పని చేశాడు. ఆయన నమ్మకం మారిందో లేదో కానీ, కొడుకు చేతిలోని గిటార్ మాత్రం ఇంట్లోనే ఉంది.

గిటార్ వచ్చాక అసలు పని

ఆ గిటార్ కుడిచేతి వాటం వాళ్ల కోసం చేసింది. దాన్ని తిరగేసి పట్టుకుంటే ఏమవుతుంది? మామూలుగా అన్నిటికంటే లావు తీగ పైన, సన్నది కింద ఉంటాయి. తిరగేస్తే సన్నది పైకి, లావుది కిందికి వచ్చేస్తాయి. అందుకని జిమీ తీగలన్నీ విప్పి వరుస మార్చి బిగించుకున్నాడు. లావు తీగ మళ్లీ పైకి వచ్చింది.

వినడానికి చిన్న పనే. కానీ గిటార్ తల దగ్గర తీగలు ఆనే ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని నట్ అంటారు. అందులో ఒక్కో తీగ మందానికి తగ్గట్టు ఒక్కో గాడి కోసి ఉంటుంది. వరుస మారిస్తే లావు తీగ సన్నటి గాడిలో కూర్చోదు. సన్న తీగ వెడల్పు గాడిలో వదులుగా కదిలి గరగరమంటుంది. ఇక శబ్దం పెంచే మీటలు కిందినుంచి పైకి, మోచేతి కిందికి వస్తాయి. వాయిస్తుంటే చేయి తగిలి తిరిగిపోతుంటాయి. వీటన్నిటినీ సర్దుకుంటూ వాయించాలి. ఆ సర్దుబాటు జిమీకి జీవితాంతం తోడుంది. పేరూ డబ్బూ వచ్చాక కూడా ఎక్కువగా కుడిచేతి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్లనే తిరగేసి వాయించాడు. తిరగేయడం వల్ల తీగల కింద వాలుగా అమర్చిన పికప్ వాలు తలకిందులై, లావు తీగల ధ్వని కొంచెం పదునుగా, సన్న తీగల ధ్వని కొంచెం మెత్తగా మారుతుంది. అతని గిటార్ ధ్వని వేరుగా ఉండటానికి అది కూడా ఒక కారణమని వాయిద్యం తెలిసినవాళ్లు అంటారు.

ఓటములు, గెలుపు

మొదటి అడుగు తడబడింది. సియాటెల్‌లో ఒక యూదు ప్రార్థనా మందిరం బేస్‌మెంట్‌లో ఒక బ్యాండ్‌తో తొలి ప్రదర్శన. మరీ ఎక్కువ విన్యాసాలు చేస్తున్నాడని మధ్య విరామంలోనే తీసేశారు. ఆ తర్వాత ఇంకో బ్యాండ్‌లో చేరాడు. ఒక రాత్రి క్లబ్బులో స్టేజీ వెనక వదిలేసి వచ్చిన తెల్ల గిటార్‌ను ఎవరో దొంగిలించారు. తర్వాత ఎర్రటి డానెలెక్ట్రో గిటార్ చేతికొచ్చింది.

హైస్కూల్ చదువు పూర్తి కాలేదు. దొంగ కార్లలో తిరుగుతూ రెండుసార్లు పోలీసులకు దొరికి, జైలు తప్పించుకోవడానికి 1961లో సైన్యంలో చేరాడు. అక్కడి నుంచి తన గిటార్ పంపమని తండ్రికి ఉత్తరం రాశాడు. ఆయన పంపాడు. 1962లో సైన్యం నుంచి బయటికొచ్చి లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి పెద్ద గాయకుల వెనక గిటార్ వాయిస్తూ ఊరూరా తిరిగాడు. 1966లో న్యూయార్క్‌లోని ఒక చిన్న క్లబ్బులో అతన్ని విన్న చాస్ చాండ్లర్ లండన్ తీసుకెళ్లాడు. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లండ్ అంతా అతని పేరే. స్వరలిపి చదవడం రాని మనిషి గిటార్ వాయించే పద్ధతినే మార్చేశాడు.

1967లో మాంటెరే ఉత్సవంలో జిమీ స్టేజీ మీద గిటార్‌కు నిప్పు పెట్టాడు. మన పిల్లలు యూట్యూబ్‌లో ముందు చూసేది ఆ వీడియోనే. వాళ్లు చూస్తే, దానితో పాటు 1969 ఆగస్టు 18న వుడ్‌స్టాక్‌లో వాయించింది కూడా చూపించండి. సోమవారం పొద్దున, అప్పటికే జనం చాలామంది వెళ్లిపోయాక, తెల్లటి స్ట్రాటోకాస్టర్ మీద అమెరికా జాతీయ గీతం వాయించాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ తీగల్లో బాంబుల మోత, సైరన్లు విన్నామని చాలామంది అంటారు. ఆ గిటార్ ఇప్పుడు సియాటెల్ మ్యూజియంలో ఉంది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. 1970 సెప్టెంబర్ 18న లండన్‌లో, మోతాదు మించి నిద్రమాత్రలు వేసుకున్న జిమీ ఊపిరాడక చనిపోయాడు. 27 ఏళ్లు. నా వయసుకు దగ్గరే. పేరు వచ్చాక బతికింది నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో మత్తు పదార్థాలూ ఉన్నాయి, విశ్రాంతి లేని ప్రయాణాలూ ఉన్నాయి. పెద్ద తరగతుల పిల్లలు ఈ పేరు వింటే, ఈ భాగం కూడా మన నోటి నుంచే వినాలి.

నేను చేసిన తప్పు

బీఈడీ అయిన మొదటి ఏడాది నేను ఒకటో తరగతికి చెప్పేదాన్ని. ఒక పాప ఎడమచేత్తో రాసేది. మంచి అలవాటు నేర్పుతున్నాననుకుని రోజూ పెన్సిల్ కుడిచేతిలోకి మార్చేదాన్ని. నెల తిరిగేసరికి పాప రాత వంకరైపోయింది. అంతకంటే, జవాబు తెలిసినా చెయ్యెత్తడం మానేసింది. ఏ చెయ్యి ఎత్తాలో ఆ పిల్లకు భయం. అది నాకు అర్థమవడానికి ఇంకో నెల పట్టింది. పెన్సిల్‌ను పాప ఇష్టానికి వదిలేశాక రాత త్వరగానే కుదురుకుంది. ఎత్తిన చెయ్యి మాత్రం చాలా ఆలస్యంగా తిరిగొచ్చింది.

మీ ఇంటికి కొత్త గిటార్ వస్తే

ఆ అమ్మగారికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇది. మీక్కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

కొనకముందే పిల్లల చేతికి క్రికెట్ బ్యాటో పొడుగు స్కేలో ఇచ్చి గిటార్ వాయిస్తున్నట్టు నటించమనండి. ఏమీ చెప్పకుండా చూడండి. ఏ చేత్తో మీటుతున్నారో తెలిసిపోతుంది. ఎడమచేతి గిటార్లు కూడా దొరుకుతాయి. రకాలు తక్కువ కాబట్టి ముందుగా అడిగి ఉంచాలి. ఎడమచేతి వాటం ఉన్నా కుడిచేతి గిటార్ హాయిగా వాయించే పిల్లలూ ఉంటారు. రెండు వైపులా పట్టుకోనిచ్చి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

ఇప్పటికే కుడిచేతి గిటార్ కొనేసి ఉంటే దుకాణంలో రిపేరు చేసేవారికి చూపించండి. తీగల వరుసతో పాటు నట్ కూడా మార్చమనండి. నట్ మార్చకుండా తీగలు మాత్రమే మారిస్తే గిటార్ గరగరమంటుంది. పిల్లాడు తప్పు తనదే అనుకుంటాడు.

వీణకు మెట్లున్నట్టు గిటార్‌కు ఫ్రెట్లు ఉంటాయి. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే, నొక్కకుండా మీటిన స్వరమే పై స్థాయిలో పలకాలి. తేడాగా పలికితే బ్రిడ్జ్ దగ్గర సరిచేయాలి. తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పెట్టి, వారంలోనే పిల్లలు వదిలేస్తారు. ఆ ఎత్తు కూడా తగ్గించమనండి.

కొత్త తీగలు సాగుతాయి, మొదటి రోజుల్లో మాటిమాటికీ శ్రుతి తప్పుతాయి. కంగారు పడకండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ చాలు. ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కటే కొంటే సరిపోదు, యాంప్లిఫయర్, కేబుల్ కూడా కావాలి. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న యాంప్ అయితే పక్కింటివాళ్లతో మాట రాదు.

మొన్న ఆ అమ్మగారు ఫోన్ చేశారు. శనివారం వాళ్ల నాన్నే స్వయంగా బాబుని బండి మీద ఎక్కించుకుని గిటార్ దుకాణానికి తీసుకెళ్లారట. నట్ మార్చి తీగలు బిగించేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారట. గిటార్ ఇప్పుడు బీరువా పక్కన లేదని చెప్పారు.

మళ్లీ వచ్చే నెల కలుద్దాం.

— మీ ఇంగ్లిష్ టీచర్