డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము

మన తెలుగుదేశమున పుట్టి, అన్యదేశమున శ్రమించి, అచ్చటనే ప్రాణము విడిచిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. పరీక్షల నిమిత్తమై ఆయన పేరు మన విద్యార్థులలో అనేకులు కంఠస్థము చేసియుందురు గాని, ఆయన ఏమి చేసెనో, ఏల చేసెనో యెరిగినవారు బహుకొద్దిమంది. ఆ లోపమును కొంతవరకైనను తీర్చుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమునందు జన్మించెను. తండ్రి జగన్నాథము గారు. తల్లి వేంకమ్మ గారు. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. బాలుడు మొదట చదువునందు ఆసక్తి గలవాడు కాడు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు విక్రయించి ధనము గడింపవలెనని బయలుదేరెననియు, తల్లి అతనిని దారిలోనే పట్టించి వెనుకకు రప్పించెననియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి మూడవమారు మద్రాసునందు కృతార్థుడాయెను. ఒకసారి తప్పినంతమాత్రమున పిల్లవానిని దుకాణమునకు పంపివేయు తలిదండ్రులు మనలో ఉన్నారు గనుక ఈ సంగతిని దాచక వ్రాయుచున్నాను. తండ్రి మరణించిన పిమ్మట ఆ చదువు సాగుటకు తల్లి పట్టుదలయే ఆధారమాయెను. ఆయన సన్న్యాసము స్వీకరించి రామకృష్ణ మఠమున చేరగోరినప్పుడు అడ్డుపడినదియు ఆ తల్లియే.

పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. అవి స్వదేశీ ఉద్యమపు దినములు. ఆయన శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు దుస్తులు ధరించి పోయినందున ఆచార్యుడగు దొర కినుక వహించెను. తక్కిన విషయములలో బాగుగా వ్రాసినను ఎం.బి.బి.యస్. పట్టము దొరకక, దానికి తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. ఉద్యోగము దొరకనందున డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచుండెను.

ఆ కాలముననే ఆయన హృదయమును ఛేదించిన విపత్తు సంభవించెను. పురుషోత్తము, కృష్ణమూర్తి అను ఇరువురు సోదరులు స్ప్రూ అను గ్రహణివ్యాధిచేత కొద్దిదినముల వ్యవధిలోనే మరణించిరి. ఇది పేగులు అన్నసారమును గ్రహింపలేని వ్యాధి. రోగి ఎంత తినినను దేహమునకు పట్టదు; రక్తము క్షీణించును; మనిషి ఎండిపోవును. ఆయనకును ఆ వ్యాధియే సోకగా, లక్ష్మీపతి గారి చికిత్సవలన బ్రదికెను. వైద్యుడైయుండియు తోడబుట్టినవారిని కాపాడలేకపోయిన ఆ వేదనయే ఆయనను సముద్రములు దాటించినదని నా అభిప్రాయము. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారును ధనసహాయము చేయగా, ఆయన భార్యయగు శేషగిరి గారిని స్వదేశమున విడిచి, అమెరికాలోని బోస్టను నగరమునకు, హార్వర్డు ఉష్ణదేశవ్యాధుల పాఠశాలకు పోయెను. మూడేండ్లలో తిరిగివత్తునని చెప్పి వెళ్లినవాడు మరల రాలేదు. ఆయన వెళ్లిన పిమ్మట పుట్టిన కుమారుడు తండ్రి ముఖము చూడకయే పసితనమున చనిపోయెను. గొప్పవారి చరిత్రలు వ్రాయువారు ఇట్టి సంగతులను త్వరగా దాటిపోవుదురు. ఆ యిల్లాలు చెల్లించిన మూల్యము భర్త కీర్తిలో లెక్కకు రాకపోవుట న్యాయముగా తోచదు.

బోస్టనులో ఆయన పగలు విద్యార్థి. రాత్రి ఆసుపత్రి కూలి. రోగుల మలమూత్రపాత్రలను కడిగి జీతము తెచ్చుకొనెను. తరువాత సైరస్ ఫిస్కే గారితో కలిసి రక్తమందును మూత్రమందును భాస్వరము ఎంత యున్నదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి ఇరువురి పేరిటను నేటికిని జీవరసాయన గ్రంథములలో నున్నది. 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో ఏ.టి.పి. అను పదార్థములను కండరములందు వారు గుర్తించిరి. ఈ రెండవదానిని జర్మనీలో లోమన్ గారు కూడ వేరుగా కనుగొనిరి. 1930లో హార్వర్డు డాక్టరేటు వచ్చెను గాని స్థిరమైన పదవి రాలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివరునందున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, త్వరలోనే పరిశోధనాధ్యక్షుడాయెను.

అచ్చట ఆయన చేయించిన పనులలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయుట ముఖ్యమైనది. 1945లో అది సిద్ధమై, స్ప్రూ రోగుల రక్తక్షీణతకు ఔషధమాయెను. సోదరులు మరణించి అప్పటికి ఇరువది సంవత్సరములు దాటెను. ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్ అను మందును ఆయన బృందము చేసి యియ్యగా, సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపుకాన్సరు గల బిడ్డలకు ఇచ్చి కొంతకాలము ఉపశమనము కలిగించి 1948లో ప్రకటించెను. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టినుండి ఆరియోమైసిన్ కనుగొనినదియు ఈయన అధ్యక్షతననే.

అయితే నేను విశేషముగా చెప్పదలచినది పురుగులనుగూర్చి. గోదావరీ మండలములలో బోదకాలు ఎట్టి శాపమో పెద్దలెరుగుదురు. క్యూలెక్సు దోమ మురికినీటిలో పెరిగి, రోగిని కుట్టి, సన్నని పురుగుపిల్లలను మరియొకని దేహములో ప్రవేశపెట్టును. అవి పెరిగి లింఫు నాళములందు నివసించుచు, తమ పిల్లలను రక్తములోనికి విడుచుచుండును. ఏండ్లు గడచిన మీదట కాలు వాచి ఏనుగుకాలివలె నగును. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలోని అమెరికను సైనికులకు ఈ వ్యాధి సోకినందున ఆ దేశమువారు దీనిపై దృష్టి నిలిపిరి. అంతకుముందు అంటిమొని మొదలగు విషలోహముల సూదిమందులే ఆధారముగా నుండెను. సుబ్బారావు గారి బృందమువారు కాటన్ ఎలుకలయందు నివసించు ఒక జాతి ఫైలేరియా పురుగుపై అనేక రసాయనములను పరీక్షించి, పైపెరజైన్ అను పదార్థముయొక్క సంతతిలోనిదగు డైఈథైల్ కార్బమజైన్ అను మందును 1947లో వెలువరించిరి. దానికి హెట్రజాన్ అని పేరిడిరి. అది నోటితో మ్రింగదగినది, వెల తక్కువది; రక్తములోని పురుగుపిల్లలను నశింపజేయును. పెద్దపురుగులన్నిటిని అది చంపజాలదు గనుక మరల మరల ఇయ్యవలసియుండును. ఈ యొక్క మాటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. ఏలయనగా పురుగులతో యుద్ధమంతయు ఈ మాటపైననే ఆధారపడియున్నది.

ఇందుకు దృష్టాంతము మన ఆవరణలోనే దొరకినది. ఈ సంవత్సరము వర్షములలో మన వసతిగృహపు వంటశాలకు ఒక పిల్లికూన వచ్చి చేరెను. వంటశాలలో ఎలుకల నిమిత్తము పెంచబడు రెండు పెద్దపిల్లులున్నవి. కూన ఎముకలగూడువలె నుండి పొట్టమాత్రము ఉబ్బియుండెను. రెండవనాడు దారములవంటి తెల్లని పురుగులను కక్కెను. పెద్దపిల్లులకును బిడ్డలకును అంటునని భయపడి, దానిని రామంతాపూరు చెరువుగట్టున విడిచిరావలెనని కొందరు చెప్పిరి. తొమ్మిదవ తరగతి బాలికలిద్దరు ఒప్పుకొనక పశువైద్యునియొద్దకు తీసికొనిపోయిరి. ఆయన దాని మలమును ఉప్పునీటిలో కలిపి తేల్చి, సూక్ష్మదర్శినిలో ఏలికపాము గ్రుడ్లను బాలికలకు చూపెను.

పిల్లుల ఏలికపాము కూనలకు చాలవరకు తల్లిపాలతోనే వచ్చును. పేగులలోని పురుగు పెట్టిన గ్రుడ్లు మలముతో బయటపడును. అప్పుడే పడిన గ్రుడ్డు అంటునది కాదు. మట్టిలో కొన్నిదినములు, ఒక్కొక్కప్పుడు వారములు ఉండి, లోపల పిల్ల యేర్పడిన పిమ్మటనే అది అంటును. కాబట్టి మలమును ప్రతిదినము తీసివేయువాడు వ్యాధి దారిని సగము మూసినవాడగును. అయితే మట్టిలో దిగిన గ్రుడ్డు నెలలు, సంవత్సరములు కూడ జీవించియుండగలదు. సామాన్యమైన క్రిమిసంహారక ద్రవములు దానిని చంపవు. ఎలుకను తినుటవలనను పెద్దపిల్లికి ఈ పురుగు రావచ్చును.

వైద్యుడు కూనను తూచి, దాని బరువునుబట్టి పైరాంటెల్ అను ద్రవౌషధమిచ్చెను. ఇది పురుగును స్తంభింపజేయును. పట్టువిడిచిన పురుగు మలముతో వెడలిపోవును. పైపెరజైను కూడ ఇట్లే పురుగులను వివశము చేయును. అది అనేక సంవత్సరములు పిల్లలకును, పిల్లులకును ఏలికపాముల మందుగా వాడబడెను. అనగా సుబ్బారావు గారి హెట్రజానునకును, పిల్లికూనల మందునకును చుట్టరికము కలదు. అంతమాత్రమున ఇంటిలోని మనుష్యుల మాత్రను పిల్లికి పెట్టరాదు.

ఈ మందు పేగులలోని పురుగులనే తీయును. దేహములోని ఇతరభాగములలో సంచరించు పిల్లలను అది ముట్టదు. అవి తరువాత పేగులలోనికి వచ్చును. ఆ కారణమున రెండు వారముల కొకమారు మరల ఇయ్యవలెనని వైద్యుడు ఆజ్ఞాపించెను. మొదటి మోతాదుతో కూన చురుకుగా ఆడుకొనుట చూచి రెండవది మానివేయువారే అధికులు. పెద్దపిల్లులు ఆరోగ్యముగా కనబడినను వాటికిని అదేదినమున మందిచ్చిరి. కూనను కట్టెలగదిలో వేరుగా నుంచి, దాని గిన్నెను, ఇసుకతట్టను వేరుచేసిరి. బాలికలు ప్రతి ఉదయమున మలమును తీసి కాగితమున చుట్టి పారవేసి, తట్టను మరుగునీటితో కడిగి, సబ్బుతో చేతులు కడుగుకొనుచుండిరి. పిల్లి గ్రుడ్లు మనుష్యుల కడుపులో పడినచో పురుగుపిల్లలు దేహమున సంచరించి, అరుదుగా కంటికి కూడ హాని చేయును. అందుచేత చిన్నపిల్లలను ఆ గదిలోనికి రానియ్యలేదు. మూడవ మోతాదు తరువాత మలమున గ్రుడ్లు కనబడలేదు. అటుపిమ్మట తలుపు తెరచి కూనను పెద్దపిల్లులతో కలిపిరి. అవి మొదట బుసకొట్టినవి గాని అది వేరొక సంగతి.

మరల చరిత్రలోనికి వత్తము. సుబ్బారావు గారు 1948వ సంవత్సరము ఆగష్టు నెలలో న్యూయార్కునందు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. వయస్సు ఏబదిమూడు. ఆయన కీర్తిని కోరక, పత్రికలకు దూరముగా నుండి, పరిశోధనాపత్రములపై సహాయకుల పేర్లను ముందుంచుచుండెను. ఆయన మనవలె క్రీస్తునామము ధరించినవాడు కాడు. అయినను రోగులయెడల ఆయనకు గల భారమును దేవుడు పుట్టించినదిగా నేనెంచుదును. 1953లో ఒక శిలీంధ్రమునకు ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతికి మన ప్రభుత్వము తపాలాబిళ్లను ముద్రించెను.

భారతదేశమున బోదకాలు నివారణోద్యమము 1955లో ఆరంభమాయెను. 2004 మొదలుకొని వ్యాధిగల జిల్లాలలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి పోయి, జబ్బున్నవారికిని లేనివారికిని ఆయన మందునే పంచిపెట్టిరి. ఆ మాత్రలను చేతికిచ్చి వెళ్లక, తమ యెదుటనే మ్రింగింపవలెనని వారికి ఆజ్ఞ.