అంబేడ్కర్: ఇల్లు అద్దెకివ్వకపోవడాన్ని వెలిగా గుర్తించి శిక్ష కోరిన నేత

డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్ జీవితాన్ని చెప్పేవారు సాధారణంగా ఆయన చదువును, మహద్ చెరువును, రాజ్యాంగ రచనను ప్రస్తావిస్తారు. ఆయన ఏయే ఇళ్లలో నివసించారు, ఏ గుమ్మం నుంచి వెనుదిరగవలసి వచ్చింది అనే వైపు నుంచి చూసినవారు తక్కువ. అలా చూసినప్పుడు ఆయన రాసిన చట్ట ప్రతిపాదనల్లోని కొన్ని పంక్తులు ఎక్కడ పుట్టాయో స్పష్టమవుతుంది. ఇల్లు అద్దెకివ్వడానికి నిరాకరించడం కూడా సాంఘిక బహిష్కరణేనని, దానిని నేరంగా పరిగణించాలని ఆయన కోరారు. ఆ కోరికకు ముందు బరోడాలో ఒక సత్రం, అందులో గడిచిన పదకొండు రోజులు ఉన్నాయి.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ సైనిక శిబిరంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుబేదార్. ఉద్యోగ విరమణ తరువాత ఆ కుటుంబం కొంకణ ప్రాంతంలోని దాపోలీకి, అక్కడి నుంచి సతారాకు తరలింది. కొంతకాలానికే తల్లి భీమాబాయి కన్నుమూశారు. సతారా బడిలో ఆ బాలుడు మిగిలిన పిల్లలకు దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవాడు. దాహమైతే బడి నౌకరు పైనుంచి నీళ్లు పోయాలి. నౌకరు లేని రోజున నీళ్లు లేవు.

తండ్రి గోరేగావ్‌లో ఖజాంచీగా పనిచేస్తున్న రోజుల్లో, వేసవి సెలవులకు పిల్లలు రైలెక్కి ఆయన దగ్గరకు బయలుదేరారు. స్టేషనులో దిగాక వారి కులం తెలియగానే బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరకు ఒకతను రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు గానీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్నాడు. ఆ రాత్రి సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర ఆగి, తాము ముస్లింలమని చెప్పి నీళ్లడిగారు. అబద్ధం చెప్పినా నీళ్లు దొరకలేదు. ఉనికి దాచుకుంటే తప్ప మార్గం లేదనీ, దాచుకున్నా దక్కుతుందన్న భరోసా లేదనీ తొమ్మిది, పదేళ్ల వయసులోనే ఆయనకు అనుభవమైంది.

కుటుంబం బొంబాయి చేరి, పరేల్ ప్రాంతంలో ఒక చాల్‌లో గది తీసుకుంది. మిల్లు కార్మికుల కోసం వెలసిన అంతస్తుల భవనాలవి. పొడవాటి వసారా, దాని వెంట వరుసగా ఒంటి గదులు, అందరికీ ఉమ్మడి కొళాయి, ఉమ్మడి మరుగుదొడ్డి. వంట, పడక, చదువు అన్నీ ఆ ఒక్క గదిలోనే సాగాలి. ఇల్లంతా నిద్రపోయిన తరువాత, అర్ధరాత్రి దాటాక తండ్రి కొడుకును లేపి చదివించేవారు. ఆ స్థితిలోనే 1907లో మెట్రిక్యులేషన్ పూర్తయింది.

తరువాతి చిరునామా బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన చాల్‌లోనిది. 1896లో నగరాన్ని ప్లేగు కబళించినప్పుడు కిక్కిరిసిన బస్తీలే అందుకు కారణమని ప్రభుత్వం భావించింది. 1898లో ఆ ట్రస్టును ఏర్పాటు చేసింది. ఇరుకు వీధులు కూల్చడం, రోడ్లు వేయడం, పేదలకు గదులు కట్టడం దాని పని. కూల్చినంత వేగంగా కట్టలేదన్న విమర్శ ఉన్నప్పటికీ, ప్రజాధనంతో నగర పేదలకు ఇళ్లు నిర్మించే ప్రయత్నాల్లో అది మన దేశంలో తొలినాటిది. పరేల్‌లోని మొదటి నంబరు చాల్‌లో 50, 51 గదులు ఆ కుటుంబానివి. రెండు దశాబ్దాలకు పైగా అంబేడ్కర్ నివాసం అదే. విదేశాల్లో డాక్టరేట్లు పొందిన న్యాయవాది ఆ గదుల నుంచే కోర్టుకు వెళ్లేవారు. ప్రైవేటు యజమాని దయతో పనిలేకుండా దొరికిన ప్రభుత్వ గది విలువ ఏమిటో, ఆ జీవితాన్ని చూస్తే అర్థమవుతుంది.

బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో ఆయన న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి వసతి గృహంలో ఆయన గది సహచరుడు నావల్ భథేనా అనే పార్సీ యువకుడు. ఇద్దరూ ఒకే కప్పు కింద చదువుకున్నారు. స్నేహం జీవితాంతం నిలిచింది. ఈ సంగతిని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి ఘట్టంలోనూ పార్సీలే ఉన్నారు.

విద్యార్థి వేతనానికి షరతుగా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఆయన ఒప్పంద పత్రం రాసిచ్చారు. ఆ ప్రకారం 1917లో బరోడా చేరారు. హిందూ హోటళ్లు రానివ్వవని ముందే తెలుసు. పార్సీ మతంలో అంటరానితనం లేదు కనుక వారి సత్రానికి వెళ్లారు. అది పార్సీల కోసం పార్సీ సమాజం నిర్వహించే సత్రమని, ఇతరులను చేర్చుకోవడం నియమ విరుద్ధమని కాపలాదారు చెప్పాడు. బేరం కుదిరింది: రోజుకు రూపాయిన్నర, రిజిస్టరులో ఒక పార్సీ పేరు. మేడ మీద చిన్న పడకగది. దాని పక్కన పాత సామాను కుప్పలు పోసిన పెద్ద హాలు. విద్యుత్తు లేదు, కాపలాదారు ఇచ్చిన చిన్న లాంతరు వెలుగు కొద్ది అంగుళాలకు మించి పడేది కాదు. రాత్రిళ్లు గబ్బిలాలు ఎగిరేవి. మాట్లాడేందుకు మరో మనిషి లేడు. పగలంతా అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో పని. అక్కడ బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచి విసిరేవారని జీవిత చరిత్రకారులు నమోదు చేశారు.

ఇంతలో ప్రభుత్వ బంగళా కేటాయించమని ఆయన అర్జీ పెట్టుకున్నారు. ఆ కాగితం ఒక అధికారి నుంచి మరో అధికారికి కదులుతూనే ఉంది. పదకొండో రోజు ఉదయం కార్యాలయానికి బయలుదేరుతుండగా డజను మంది పార్సీలు కర్రలతో మెట్లెక్కి వచ్చారు. సత్రాన్ని అపవిత్రం చేశావని నిలదీశారు. వారం రోజుల గడువడిగితే ఇవ్వలేదు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఆయన మిత్రులను ఆశ్రయించారు. హిందూ మిత్రుడు తన ఇంటికి వస్తే నౌకర్లు మానేస్తారని చెప్పాడు. బ్రాహ్మణ కుటుంబం నుంచి మతం మారిన క్రైస్తవ మిత్రుడు భార్యను అడిగి చెబుతానన్నాడు. ఆ సమాధానంలోని అర్థం ఆయనకు బోధపడింది. బొంబాయి రైలు రాత్రికి. అంతవరకు నాలుగైదు గంటలు గడపడానికి ఆయనకు దొరికినది కామాఠీ బాగ్ అనే ప్రజా ఉద్యానవనం మాత్రమే. నేడు దాని పేరు సయాజీ బాగ్.

చాలా ఏళ్ల తరువాత, వీసా కోసం నిరీక్షణ అనే అర్థం వచ్చే ఆంగ్ల శీర్షికతో రాసుకున్న జ్ఞాపకాల్లో ఆయన ఈ ఘటనను సవివరంగా నమోదు చేశారు. ఆ సత్రం వారిపైనా, మిత్రులపైనా అందులో తిట్లు లేవు. ఎవరెవరు ఏ కారణం చెప్పారో ఒక న్యాయవాది సాక్ష్యం నమోదు చేసినట్టు రాశారు. గమనించవలసిన విషయం అదే. నౌకర్లు, భార్య, నియమావళి, పెండింగులో ఉన్న అర్జీ... ప్రతి ఒక్కరి దగ్గరా తమది కాని ఒక కారణం సిద్ధంగా ఉంది. ఇళ్ల విషయంలో వివక్ష నేటికీ ఈ విధంగానే పనిచేస్తుంది.

బొంబాయికి తిరిగివచ్చి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా పనిచేసి, 1920లో ఆయన మళ్లీ లండన్ వెళ్లారు. ఆ ప్రయాణానికి అప్పు ఇచ్చినవారిలో నావల్ భథేనా ఒకరు. 1923లో బారిస్టరుగా తిరిగివచ్చాక స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ చేపట్టిన తొలి పనుల్లో ఒకటి 1925లో సోలాపూర్‌లో విద్యార్థుల వసతి గృహం తెరవడం. బడిలో చేరడానికి చట్టం అనుమతించినా, పట్టణంలో తలదాచుకునే చోటు లేకపోతే పల్లె పిల్లవాడికి ఆ బడి అందదు. ఈ లెక్క ఆయనకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1927లో మహద్ చెరువు సత్యాగ్రహం మరో పాఠం. ఆ చెరువును అందరికీ తెరుస్తూ పురపాలక సంఘం 1924లోనే తీర్మానించింది. మూడేళ్లు గడిచినా అస్పృశ్యులు అక్కడ నీళ్లు ముట్టలేకపోయారు.

అందుకే 1930లో లండన్‌లో మొదలైన తొలి రౌండ్ టేబుల్ సమావేశంలో రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి సమర్పించిన రక్షణల పత్రంలో, హక్కుల ప్రకటనతో ఆయన సరిపెట్టలేదు. సత్రాల్లో, దారుల్లో, బావుల వద్ద సమాన ప్రవేశాన్ని నిరాకరిస్తే శిక్ష ఉండాలన్నారు. బహిష్కరణకు నిర్వచనం ఇస్తూ ఇల్లు గానీ భూమి గానీ అద్దెకివ్వడానికి నిరాకరించడాన్ని దానిలో మొదటే చేర్చారు. ఈ నమూనాను 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టం నుంచి తీసుకున్నారు. 1947లో రాజ్యాంగ సభ ముందుంచేందుకు రూపొందించిన రాష్ట్రాలు, మైనారిటీలు అనే పత్రంలోనూ అదే నిర్వచనం మళ్లీ కనిపిస్తుంది.

1930వ దశకం తొలినాళ్లలో దాదర్‌లోని హిందూ కాలనీలో ఆయన సొంత ఇల్లు కట్టుకున్నారు. బౌద్ధ చరిత్రలోని నగరం పేరు మీద దానికి రాజగృహ అని పేరు పెట్టారు. ఇంటి నమూనాలో అధిక భాగం గ్రంథాలయానిదే. అదే కాలనీలో అద్దెల కోసం చార్‌మినార్ పేరుతో కట్టించిన మరో భవనాన్ని అప్పులు తీర్చడానికీ పుస్తకాలు కొనడానికీ 1941లో అమ్మేశారు. చాల్ గదుల్లో సంసారం ఈదిన భార్య రమాబాయి కొత్త ఇంట్లో ఎక్కువ కాలం లేరు. 1935 మే 27న మరణించారు.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు వెళ్లి, కార్మికులు నివసించే గదులను స్వయంగా పరిశీలించారు. మరుసటి నెలలోనే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. తవ్వి తీసిన బొగ్గు మీద సుంకం వేసి, ఆ సొమ్మును ఇళ్లు, నీరు, వైద్యానికి ఖర్చు చేయడం దాని ఉద్దేశం. కార్మికుల వేతనాలతో పాటు వారి ఇళ్ల స్థితిని కూడా సర్వే చేసిన రేగే కమిటీ నియామకం 1944లో జరిగింది.

ఇక్కడ ఆయన ఆలోచనలో చర్చకు తావిచ్చే అంశం ఒకటుంది. 1942 జులైలో నాగ్‌పూర్ మహాసభ అస్పృశ్యులకు ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. ఖాళీ ప్రభుత్వ భూముల్లో వారిని స్థిరపరచేందుకు ఒక కమిషన్ ఉండాలని 1947 పత్రంలో ఆయనే రాశారు. సమాన ప్రవేశం కోసం పోరాడిన వ్యక్తి వేరు గ్రామాలు కోరడం కొందరికి వైరుధ్యంగా తోచింది. కానీ ఆయన దృష్టిలో ఉన్న గ్రామం అప్పటికే రెండు ముక్కలు: ఊరు, ఊరి బయట వాడ. తెలుగువారికి ఇది వివరించనక్కరలేదు. భూమి ఊరిది, కూలి ఊరిది, నీరు ఊరిది అయినప్పుడు వాడకు మిగిలేది లొంగుబాటే. తమ భూమి తమకున్న వేరు గ్రామం ఆ లొంగుబాటు నుంచి విడుదల అని ఆయన భావించారు. భూమి లేకుండా వేరు చేయడాన్ని ఆయన ఎన్నడూ కోరలేదు. మన గ్రామాల్లో ప్రభుత్వాలు కట్టించిన కాలనీలు చాలావరకు ఊరి చివరే ఉన్నాయి, ఎన్నింటికో ఆయన పేరే ఉంది. ఆయన ప్రతిపాదనలోని సగాన్నే, అదీ తేలికైన సగాన్నే మనం అమలు చేశామనిపిస్తుంది.

రాజ్యాంగంలో 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల్లో వివక్షను నిషేధించింది. 17వది అంటరానితనాన్ని రద్దు చేసింది. 19వది దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛనిచ్చింది. దుకాణమనే మాటను సంకుచితంగా తీసుకోరాదని, డబ్బు తీసుకుని సేవలందించే ప్రతి చోటునూ అది సూచిస్తుందని 1948లో సభలో ఆయన వివరించారు. అద్దె ఇల్లు మాత్రం ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. ఆ లోటు కొంత తీరింది 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టంతో. 1976లో అది పౌర హక్కుల పరిరక్షణ చట్టమైంది. ఎక్కడైనా నివాస గృహం కట్టుకోవడాన్ని, పొందడాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం దాని ప్రకారం నేరం. ఇల్లు అద్దెకివ్వకపోవడం బహిష్కరణ అన్న నిర్వచనమూ అందులో ఉంది. దాదాపు అవే మాటలు, ఆయన లండన్‌లో సమర్పించినవే.

అయితే నిరాకరణకు కారణం అంటరానితనమై ఉండాలి. శాకాహారులకే అని టులెట్ బోర్డు పెట్టిన యజమాని, ఊరూ ఇంటిపేరూ అడిగి మర్నాడు ఇల్లు వేరేవారికి ఇచ్చేశామని చెప్పే యజమాని ఆ చట్టానికి సులభంగా చిక్కరు. 2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ సమాజానికే పరిమితం చేసుకునే నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సంఘాలు ఏర్పరచుకునే స్వేచ్ఛను కోర్టు ముందుంచింది. చిన్న సమాజం తన ఉనికిని కాపాడుకోవాలనుకోవడం న్యాయమే. కానీ నగరంలోని ప్రతి సంఘమూ అదే నియమం పెట్టుకుంటే మిగిలినవారు ఎక్కడుండాలన్న ప్రశ్నకు ఆ తీర్పులో జవాబు దొరకదు.

1951లో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేసిన తరువాత అంబేడ్కర్ ఢిల్లీలోని 26, అలీపూర్ రోడ్డుకు మారారు. అది సిరోహీ రాజుకు చెందిన ఇల్లు. 1956 డిసెంబరు 6న అక్కడే, సొంతం కాని ఆ ఇంట్లో కన్నుమూశారు. పార్థివ దేహాన్ని విమానంలో బొంబాయికి, రాజగృహకు తీసుకువచ్చారు. మరునాడు దాదర్ సముద్రతీరంలో అంత్యక్రియలు జరిగాయి.

అలీపూర్ రోడ్డులోని ఆ స్థలం 2018 నుంచి జాతీయ స్మారకం. లండన్‌లో 1921, 22 సంవత్సరాల్లో ఆయన అద్దెకున్న 10, కింగ్ హెన్రీస్ రోడ్డు ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొని ప్రదర్శనశాలగా మార్చింది. దానికి స్థానిక కామ్డెన్ కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. నివాసానికి ఉపయోగపడే ఇల్లు నగరానికి ఒకటి తగ్గిపోతుందన్నది వారి అభ్యంతరం. విచారణ అనంతరం 2020 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం ప్రదర్శనశాలకు అనుమతినిచ్చింది.