మరియా మాంటిస్సోరి

ఇటలీ దేశమందలి కియరవల్లె పట్టణమున 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన మరియా మాంటిస్సోరి జన్మించెను. ఆ కాలమున స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదు. ఆమె పట్టు విడువక చదివి, 1896లో రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నందెను.

రోము నగరమందలి మానసిక చికిత్సాలయమున పనిచేయుచుండగా ఆమె దృష్టి కొందరు పిల్లలపై పడెను. బుద్ధివికాసము మందగించిన ఆ పిల్లలను పెద్దలైన రోగులతో కలిపి యుంచెడివారు. వారికి ఆటలు లేవు, చదువు లేదు. వారు నేర్వజాలరని లోకము నిశ్చయించుకొనెను. వారికి కావలసినది మందు కాదు, తగిన బోధన యని మరియా గ్రహించెను. 1900లో అట్టి పిల్లల కొఱకు రోములో వెలసిన పాఠశాలలో ఉదయము మొదలు సాయంకాలము వఱకు స్వయముగా బోధించెను.

ఆమె శిష్యులలో 11 ఏండ్ల బాలిక యొకతె యుండెను. చేతులలో బలమున్నను, ఎంత నేర్పినను ఆ బాలికకు కుట్టుపని పట్టుబడలేదు. మరియా విసుగుకొనలేదు. సూదిని ప్రక్కకు పెట్టి, కాగితపు పట్టీలను చాపవలె అల్లు ఆట నేర్పెను. అల్లిక వచ్చిన పిదప మరల సూది నందీయగా బాలిక చక్కగా కుట్టెను. పనికి ముందు చేతిని సిద్ధపఱుపవలెనని మరియాకు తోచెను.

వ్రాతకును ఇదియే మార్గమని యెంచి, ఆమె కొయ్య అక్షరములు చేయించి, అచ్చులకు ఎఱుపు, హల్లులకు నీలము రంగు వేయించెను. మన వీథిబడులలో పిల్లలు ఇసుకలో ఓనమాలు దిద్దినట్లు, ఆ పిల్లలు అక్షరములను వ్రేలితో దిద్దుచు ఆడుకొనిరి. పిదప పుల్లతో దిద్దిరి. కలము పట్టకమునుపే అక్షరపు మలుపులు వారి చేతికి అలవడెను.

వారిలో కొందఱు చదువను వ్రాయను నేర్చి, సామాన్య బాలురతోపాటు పరీక్షలో కృతార్థులైరి. లోకులు అబ్బురపడిరి. మరియా మాత్రము ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకంటె ముందుకు పోకుండుటకు కారణమేమని యోచించెను. లోపము బోధనలో నున్నదని తలచి, 1907 జనవరి 6వ తేదీన సాన్ లోరెంజో అను పేదవాడలో శిశుగృహమును తెఱచెను. అచ్చటి పిల్లలకు గరుకు కాగితముతో అక్షరములు చేసి యిచ్చెను.

ఆమె 1939లో చెన్నపట్టణమందలి అడయారునకు వచ్చి, యుద్ధకాలమున భారతదేశముననే యుండి, ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. 1952 మే 6వ తేదీన హాలండు దేశమున మరణించెను. నేటికిని శిశుపాఠశాలలలో పిల్లలు గరుకు అక్షరములపై వ్రేలు త్రిప్పుచున్నారు. నేర్వజాలరని లోకము విడిచిన పిల్లల చేతులలోనే ఆ ఆట మొదట ఫలించినది.