రాజరాజ నరేంద్రుడి వంశవృక్షంలో 27 ఏళ్ళ ఖాళీ



మహాలయ పక్షం వస్తోందంటే మా ఇంట్లో నాకో పని పడుతుంది. నాన్నగారు తర్పణాలు వదిలేటప్పుడు చెప్పాల్సిన పేర్లన్నీ ఫోన్‌లో పెద్ద అక్షరాలతో టైప్ చేసి పంపాలి. కళ్ళజోడు తడిసినా కనబడాలి కదా! ముందు మూడు తరాల వాళ్ళు, ఆ తర్వాత కారుణ్య పితరులు, అంటే పెదతాతలు, చినతాతలు, మేనత్తలు, మేనమామలు. ఆ పేర్లకి ఆధారం తాడేపల్లిగూడెంలో మా పెదనాన్నగారి దగ్గరున్న పాత నోటుబుక్కు. అందులో మా తాతగారి చేతిరాతతో మా వంశవృక్షం ఉంది.

అందులో ఒక పేరు మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేసి ఉన్నాయి. ఆయన మా ముత్తాతగారి తమ్ముడట. దెందులూరు వైపున్న నాలుగెకరాలూ పేకాటలో పోగొట్టి, ఒక రాత్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయారట. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఇన్నేళ్ళూ నేను కూడా ఆ గీతలు చూసి, ఆ పేరు వదిలేసి, కింద పేరుకి వెళ్ళిపోయేదాన్ని.

పోయిన వీడియోలో రాజరాజ నరేంద్రుడి గురించి చెప్పాను కదా. దానికోసం చదువుతుంటే ఆ రాజుగారి వంశవృక్షం దగ్గర ఆగిపోయాను. వీడియోలో టైం సరిపోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

ఏలూరు నుంచి ఓ 12 కిలోమీటర్లు వెళ్తే పెదవేగి వస్తుంది. ఇప్పుడు చుట్టూ తోటలు, పొలాలు. ఒకప్పుడు అదే వేంగి, మన తెలుగుదేశానికి రాజధాని. రాజరాజ నరేంద్రుడి పూర్వీకులైన తూర్పు చాళుక్యులు ఇక్కడికి వచ్చింది కన్నడ దేశం నుంచి. బాదామి రాజు రెండో పులకేశి ఇటువైపు దండెత్తినప్పుడు యుద్ధం మన కొల్లేటి దగ్గరే జరిగింది. ఐహోళెలో 634 నాటి శాసనం ఉంది. అందులో కునాలం అనే సరస్సు నీళ్ళు చచ్చినవాళ్ళ నెత్తురుతో ఎర్రబడ్డాయని కవి వర్ణించాడు. ఆ కునాలం కొల్లేరేనని చరిత్రకారులు చెప్తారు. మనం ఇప్పుడు ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని చూసి ఫోటోలు దిగే కొల్లేరు! గెలిచిన దేశాన్ని పులకేశి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఆ తమ్ముడే కుబ్జ విష్ణువర్ధనుడు, ఈ వంశానికి వేరు.

ఈ రాజులకి ఒక అలవాటు ఉంది. ఎవరికైనా ఊరో పొలమో దానం చేస్తే రాగిరేకుల మీద రాయించేవారు. ఆ రాతలో దానం సంగతి కంటే ముందు వంశావళి వస్తుంది. ఎవరి తర్వాత ఎవరు, ఎన్నేళ్ళు ఏలారు అనేది వరసగా ఉంటుంది. చదువుతుంటే నాకు భలే ముచ్చటేసింది. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు. ఇంద్ర భట్టారకుడు 7 రోజులు. అవునండీ, వారం! ఆ వారం రోజుల రాజుని కూడా లెక్కలోంచి తీసెయ్యలేదు. పసివాడైన విజయాదిత్యుడు 15 రోజులు, వాణ్ణి తోసేసి గద్దెక్కిన తాళరాజు ఒక నెల. గద్దె లాక్కున్నవాడి నెల కూడా అక్కడే రాసి ఉంది.

అందరిలోకీ నన్ను బాగా పట్టుకున్నది రెండో విజయాదిత్యుడు. ఈయనకి నరేంద్ర మృగరాజు అని బిరుదు. సొంత తమ్ముడు భీమ సలుకి రాష్ట్రకూటులతో కలిసి ఈయన్ని గద్దె దింపేశాడు. తిరిగి సంపాదించుకోడానికి 12 ఏళ్ళు, రాత్రనక పగలనక, 108 యుద్ధాలు చేశాడట. ఆ తర్వాత 108 శివాలయాలు కట్టించాడు. ఒక్కో యుద్ధానికి ఒక్కో గుడి. తర్వాతి తరాలవాళ్ళు తమ రాగిరేకుల్లో ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే రాయించారు. గుడుల సంఖ్య గొప్పగా చెప్పి, యుద్ధాల సంఖ్య దాచలేదు. 108 అంటే మనకి జపమాల పూసలు గుర్తొస్తాయి. ఆయనకి ఏం గుర్తొచ్చేదో!

సరే, మన కథానాయకుడి దగ్గరికి వద్దాం. ఆయన తాత పేరు దానార్ణవుడు. తమ్ముడు అమ్మరాజు 25 ఏళ్ళు ఏలిన గద్దె మీద ఈయన కూర్చుని మూడేళ్ళు తిరక్కుండానే, 973లో జటాచోడ భీముడనే వాడి చేతిలో చనిపోయాడు. ఈ భీముడు పరాయివాడేం కాదు, అమ్మరాజు వైపు బంధువేనని చరిత్రకారుల మాట. దానార్ణవుడి కొడుకులు శక్తివర్మ, విమలాదిత్యుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తమిళదేశం పారిపోయారు. తంజావూరు చోళరాజు రాజరాజు వాళ్ళకి నీడనిచ్చాడు. మనం బృహదీశ్వరాలయం చూసి నోరు తెరుస్తామే, దాన్ని కట్టించిన ఆయనే. తన కూతురు కుందవ్వని విమలాదిత్యుడికిచ్చి పెళ్ళి చేసి, సైన్యాన్నిచ్చి పంపి, వేంగిని మళ్ళీ వీళ్ళకి ఇప్పించాడు.

ఇప్పుడు రాగిరేకులు చూడండి. దానార్ణవుడు 3 ఏళ్ళు అని ఉంటుంది. ఆ తర్వాత 27 ఏళ్ళు దైవం అనుకూలించక వేంగిదేశానికి రాజే లేకుండా పోయాడని ఉంటుంది. తర్వాత శక్తివర్మ 12 ఏళ్ళు. వారం రోజుల రాజుకి చోటుంది, నెలరోజుల దొంగరాజుకి చోటుంది, 27 ఏళ్ళు ఏలినవాడి పేరు మాత్రం లేదు! కంచి కైలాసనాథుడి గుడిలో శాసనం దొరక్కపోతే జటాచోడ భీముడు ఎంతటివాడో మనకి తెలిసేది కాదు. తండ్రిని చంపినవాడి పేరు కొడుకులు రాయలేకపోయారు. నాకు మా తాతగారి నోటుబుక్కులో రెండు గీతలు గుర్తొచ్చింది ఇక్కడే.

విమలాదిత్యుడికీ కుందవ్వకీ పుట్టినవాడే రాజరాజ నరేంద్రుడు. తల్లివైపు తాత పేరే పెట్టారు. పెళ్ళి కూడా మేనరికమే, మేనమామ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవితో. పట్టాభిషేకం జరిగింది 1022 ఆగస్టు 16న. కోరుమెల్లి రాగిరేకుల్లో తిథి కూడా ఉంది, భాద్రపద బహుళ విదియ, గురువారం. భాద్రపద బహుళమంటే మహాలయ పక్షమే! ఈ రోజుల్లో ఆ పదిహేను రోజులూ ఎవరూ కొత్త బండి కూడా కొనరు. ఈయన సింహాసనమే ఎక్కాడు.

ఎక్కాడు గానీ కుదురుగా కూర్చున్నది తక్కువ. విమలాదిత్యుడికి ఇంకో భార్య వల్ల పుట్టిన విజయాదిత్యుడు ఉన్నాడు. గద్దె నాదంటే నాదని జీవితాంతం పేచీ. రాజరాజుకి మేనమామ చోళులు తోడు, విజయాదిత్యుడికి కల్యాణి చాళుక్యులు తోడు. 1031 ప్రాంతంలో విజయాదిత్యుడు పట్టం కట్టుకున్నాడు, రాజరాజు ఊరొదిలి పోవాల్సొచ్చింది. నాలుగైదేళ్ళకి మళ్ళీ వచ్చాడు. అన్నదమ్ముల గొడవలో చచ్చిపోయింది మాత్రం పైవాళ్ళు. కైకలూరు దాటి కలిదిండి వెళ్ళారా ఎప్పుడైనా? కొల్లేటి పక్క ఊరు, చేపల చెరువుల మధ్య రోడ్డు. రాజేంద్రచోళుడు మేనల్లుడి కోసం పంపిన ముగ్గురు సేనానులు కర్ణాట సైన్యంతో పోరాడి చనిపోయారు. వాళ్ళ పేర్లు రాజరాజ బ్రహ్మ మహారాజు, ఉత్తమచోడ చోడగోను, ఉత్తమచోళ మిలాడుడైయాన్. వాళ్ళ జ్ఞాపకంగా రాజరాజ నరేంద్రుడు కలిదిండిలో శివాలయాలు కట్టించి, వాటికి దానాలు రాయించాడు. తనకోసం చనిపోయిన పరాయి దేశపువాళ్ళ పేర్లు ఆ రాగిరేకుల్లో నిలిచాయి.

కొల్లేటి ఒడ్డున నెత్తురుతో మొదలైన వంశం నాలుగొందల ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ ఒడ్డుకే వచ్చి గుడి కట్టింది. నేను కలిదిండి వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది. ఐస్‌లో పెట్టిన చేపల లారీలు వరసగా వెళ్తున్నాయి. అక్కడ నిలబడి ఆ ముగ్గురి పేర్లు పైకి చదువుకున్నాను, మూడోది పలకడం కష్టమైంది.

ఇక భారతం సంగతి. రాజరాజ నరేంద్రుడి శాసనాల్లో వంశావళి కుబ్జ విష్ణువర్ధనుడితో ఆగదు, ఇంకా పైకి వెళ్తుంది. చంద్రుడు, బుధుడు, పురూరవుడు, భరతుడు, కురువు, శంతనుడు, పాండురాజు, అర్జునుడు, అభిమన్యుడు. ఇది నిజంగా రక్తసంబంధమా అంటే, అప్పటి రాజులు సూర్యుడితోనో చంద్రుడితోనో వంశాన్ని కలుపుకోవడం మామూలే. ఈ పొడుగాటి పట్టిక ఆయన తండ్రి కాలం నుంచే రేకుల్లోకి వచ్చింది. కానీ రాజరాజు దాన్ని మనసా నమ్మాడు. నమ్మాడు కాబట్టే తన కులబ్రాహ్మణుడైన నన్నయభట్టుని పిలిచి, తన వంశంవాళ్ళ కథ తెలుగులో వినాలనుందని అడిగాడు. మన తెలుగు భారతం పుట్టింది ఆ కోరికలోంచి. నన్నయకి తోడుగా నిలిచిన నారాయణభట్టుకి నందంపూడి అగ్రహారం ఇచ్చాడు కూడా.

స్కూల్లో మనం ఇక్కడితో ఆపేస్తాం, ఆదికవి, ఆంధ్రమహాభారతం, రెండు మార్కులు. నాకు మాత్రం ఇప్పుడు ఆ కోరిక వేరేగా కనిపిస్తోంది. సవతి తమ్ముడితో గద్దె కోసం కొట్టుకుంటున్న మనిషి, అన్నదమ్ములు గద్దె కోసం కొట్టుకున్న కథ చెప్పమని అడిగాడు. అది పరాయివాళ్ళ కథ అనుకుని కాదు, తన తాతముత్తాతలదే అనుకుని అడిగాడు. ఆ తాతముత్తాతల్లో అర్జునుడు ఉన్నాడు సరే. జూదంలో రాజ్యాన్నీ తమ్ముళ్ళనీ భార్యనీ ఒడ్డిన ధర్మరాజూ ఉన్నాడు. నిండుసభలో చూస్తూ కూర్చున్న పెద్దలున్నారు. దుర్యోధనుడూ ఆ కురువంశం కొమ్మే కదా! అది వదిలేసి ఇది చెప్పండి అని బేరం పెట్టే వీలు రాజుకి లేకపోలేదు. నన్నయ సభాపర్వాన్ని పూర్తిగా రాశాడు, జూదంతో సహా. అరణ్యపర్వం మధ్యలో ఆయన కలం ఆగింది. పాండవులు అప్పటికింకా అడవిలోనే ఉన్నారు.

విచిత్రం ఏంటంటే, జనం నోట్లో ఈ రాజు కూడా చెడ్డ తండ్రిగా మిగిలిపోయాడు. సారంగధరుడి కథ మీకు తెలిసే ఉంటుంది. పినతల్లి చిత్రాంగి మాట విని రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించాడని. నాటకాలొచ్చాయి, 1957లో ఎన్టీఆర్ సినిమా వచ్చింది. రాజమండ్రిలో ఆ కథ పేరుతో గుట్ట కూడా ఉంది. కానీ ఇది నాథయోగుల సంప్రదాయంలో చౌరంగీనాథుడి కథగా వేరే ప్రాంతాల్లోనూ చెప్పుకునేదే. రాజరాజు శాసనాల్లో అలాంటి కొడుకు లేడు. ఉన్న కొడుకు పేరు రాజేంద్రుడు. పాపం, ఆ అపవాదు కడుక్కోడానికి ఆయనకి ఏ రాగిరేకూ ఉపయోగపడలేదు.

1061లో రాజరాజు పోయాడు. వెంటనే విజయాదిత్యుడు వేంగిని పట్టుకున్నాడు. కొడుకు రాజేంద్రుడికి తండ్రి గద్దె అందలేదు. కానీ 1070లో చోళదేశంలో వారసుడు లేకపోతే ఈ తెలుగు మనవడే వెళ్ళి కులోత్తుంగ చోళుడిగా పట్టం కట్టుకున్నాడు. అప్పుడు పినతండ్రి మీద పగ తీర్చుకోవచ్చు, చేతిలో రెండు రాజ్యాల బలం ఉంది. తీర్చుకోలేదు, వేంగిని ఆయనకే వదిలేశాడు. కులోత్తుంగుడి కొడుకులు తర్వాత రాయించిన రాగిరేకుల్లో ఆ సంగతి ఉంది. తమ తండ్రి వేంగిని పినతండ్రి విజయాదిత్యుడికి ఇచ్చాడని, ఆయన 15 ఏళ్ళు ఏలాడని. తమ తాతని జీవితమంతా ఏడిపించిన మనిషి పేరు ఆ మనవలే వరసలో రాయించారు, ఏళ్ళ లెక్కతో సహా.

ఈ ఏడు లిస్టు టైప్ చేస్తున్నప్పుడు కారుణ్య పితరుల దగ్గర ఆగాను. కాసేపు ఆలోచించి, గీతలు కొట్టేసిన ఆ పేరు కూడా చేర్చి, నాన్నగారికి పంపేముందు పెదనాన్నగారికి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం దాకా జవాబు లేదు. తిడతారేమో అనుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి లిస్టు తిరిగొచ్చింది. ఆ పేరులో ఒక దీర్ఘం తప్పు కొట్టానట, అది సరిచేసి పంపారు.