బ్రౌను దొర - ముగియని నిఘంటువు

చార్లెస్ ఫిలిప్ బ్రౌను పేరు వినని వారు తెలుగు చదువుకొన్న వారిలో అరుదు. వేమనను వెలికి తీసిన వాడనియు, నిఘంటువు కూర్చిన వాడనియు బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని ఆయన చేసిన పనిలో ఒక భాగమునకు రావలసినంత పేరు రాలేదని నా తలంపు. అచ్చయిన పుస్తకమును మరల విప్పి, లోపములు పూరించి, వాడుకలోని భాషకు సరిపోవునట్లు తిరుగ వ్రాయుటయే ఆ భాగము. భాషకు ఒకసారి వ్యాకరణము, ఒకసారి నిఘంటువు వ్రాసినచో పని తీరినదని పలువురు తలంతురు. బ్రౌను అట్లు తలంపలేదు.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో ఆయన మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరినది. అచట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు తగిన శిక్షణ పొంది, 1817లో చార్లెస్ చెన్నపట్టణమున దిగెను. తెలుగు నేర్చుట అచటనే మొదలు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చినపుడు పుస్తకములలోని తెలుగు వేరు, కచేరీకి వచ్చు రైతు నోటి తెలుగు వేరు అని ఆయనకు బోధపడినది. అప్పటికే కాంబెల్ దొర వ్యాకరణము 1816లో వెలువడి యుండెను. ఆయన నిఘంటువు 1821లో వచ్చినది. అందులకు మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక ఆధారము. అవి మంచి గ్రంథములే. అయినను వానితో బ్రౌను తృప్తి చెందలేదు.

వేమన పేరు ఆయనకు ఫ్రెంచి పాదరీ దుబాయి గ్రంథము వలన తెలిసినది. 1824లో పద్యములు సేకరింప మొదలిడెను. తెప్పించిన తాళపత్ర ప్రతులలో ఒకదానితో ఒకటి పొసగలేదు. ఒకదానిలోని పద్యము మరియొకదానిలో ఉండదు. ఉన్నను పాఠము వేరు. వానిని పోల్చి చూచి 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను. మరియొకడైనచో అంతటితో చేతులు కడుగుకొనెడివాడు. బ్రౌను సేకరణ మానలేదు. 1839లో వచ్చిన రెండవ కూర్పున పద్యముల సంఖ్య 1164 అయినది. పదేండ్లలో తన పుస్తకమును తానే పాతదానిగా చేసిన వాడు ఆయన.

ఈ పనికి సొమ్ము ఎక్కడిది? జీతములోనిది, అది చాలనపుడు అప్పులలోనిది. కడపలో తాను కొన్న బంగళాలో పండితులను, లేఖకులను పెట్టి పోషించెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తిశాస్త్రి మొదలగు వారు ఆయనకు తోడ్పడిన పండితులు. వారు ప్రతులు సరిచూచి, తప్పులు దిద్ది, అర్థములు చెప్పెడివారు. నిఘంటువు పైని బ్రౌను పేరొక్కటే కనబడును గాని, ఆ పేరు వెనుక ఈ పేరులన్నియు కలవు. విద్యార్థులు దీనిని మరువరాదు. ఆయన సేకరించిన వ్రాతప్రతులు రెండు వేలకు పైబడినవి. పిదప అవి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి.

1832-33 కరవులో గుంటూరున పనిచేయుట, 1835 నుండి 1838 వరకు లండనులో నుండుట, 1846లో పోస్టుమాస్టరు జనరలగుట మొదలైన ఉద్యోగపు ముచ్చటలు ఇక్కడ విస్తరింపను. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. కవుల ప్రయోగములతో పాటు వ్యవహారములోని మాటకును అందు చోటు దొరకినది.

నేడు మన పిల్లలు నేర్చుచున్న కంప్యూటరు భాషల సంగతి చూడుడు. పైథాను వంటి భాషలో మార్పు జరిగిన ప్రతిసారియు దాని వివరణ గ్రంథమును కూడ సవరింతురు. మార్చువారును, వివరణము వ్రాయువారును ఒకే కూటమిలోని వారగుటచే అది సాధ్యమగుచున్నది. తెలుగునకు ఆ సౌకర్యము లేదు. మాటను మార్చువారు సంతలో, పొలములో, కచేరీలో నుందురు. మార్చితిమని వారు నిఘంటుకారునకు కబురంపరు. అతడే పోయి వినవలెను.

బ్రౌను పోయి వినెను. పారసీ, అరబ్బీ, హిందూస్థానీల నుండి వచ్చి కచేరీలలో స్థిరపడిన మాటలను పండితులు తెలుగుగా నెంచరైరి. ఆయన వానికొరకు 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. ఫైసలా, దరఖాస్తు, జమాబంది వంటి మాటలతో తరతరములు గడపిన ఓరుగల్లు, హనుమకొండ వాసులకు దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. అయితే ఆ మాటలను పెద్ద నిఘంటువులో కలుపక, వేరు పుస్తకమున కూర్చుట వానికి వేరు పంక్తి వేసినట్లయినదని నాకు తోచును. పద్యపాఠములను నిర్ణయించుటలోను ఆయన కొన్ని తావుల తన అభిరుచికే పెద్దపీట వేసెను. ఇవి ఉన్న లోపములే.

1855లో ఉద్యోగము విడిచి ఇంగ్లండు చేరెను. విశ్రాంతి కోరు వయస్సు. కాని రెండేండ్లకే, 1857లో, ఆయన వ్యాకరణము రెండవ కూర్పుగా చెన్నపట్టణమున వెలువడినది. పిదప లండనులో తెలుగు ఆచార్యుడుగా నుండెను. 1884 డిసెంబరు 12వ తేదీన కన్నుమూసెను.

ఆయన పోయిన పందొమ్మిదేండ్లకు, 1903లో, వెంకటరత్నము, కాంబెల్, కందుకూరి వీరేశలింగము గారలు నిఘంటువును సవరించి రెండవ కూర్పు వెలువరించిరి. ఈ కాంబెల్ వేరు, మొదట చెప్పిన కాంబెల్ వేరు. మరుసటి యేట హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తరువాత బ్రౌను నిఘంటువునకు పునర్ముద్రణములు వచ్చినవి. శికాగో విశ్వవిద్యాలయము వారు ఆ 1903 కూర్పును కంప్యూటరులో వెదకుటకు వీలుగా నుంచిరి. విద్యార్థి యిపుడు తన సెల్‌ఫోనులోనే దానిని చూచుకొనగలడు. అమెరికాలో రైటు సోదరుల యంత్రము తొలిసారి గాలిలోనికి లేచినది ఆ 1903 డిసెంబరులోనే. కావున విమానమను మాటను ఆ కూర్పున వెదకినచో, మనము టిక్కెట్టు కొని యెక్కు విమానము అందు కానరాదు.